ఐసు పెట్టెలో పడుకున్న కంప్యూటర్

నాకు ఇరవై ఒక్క ఏళ్లున్న ఆ కాలంలో, లోకంలో నాకు తెలియని సంగతి ఏదైనా ఉందంటే దాన్ని ఇంకా ఎవరూ కనిపెట్టి ఉండరని గట్టిగా నమ్మేదాన్ని. ఆ నమ్మకానికి ఆధారం మూడు నెలల హార్డ్‌వేర్ కోర్సు. అందులో మొదటి నెల పుస్తకాలు రాలేదు, మూడో నెల మాస్టారికి పెళ్లి కుదిరింది. మిగిలిన ఒక్క నెలలో అబ్బిన విద్యతో మద్రాసు తొండియార్‌పేటలో మా మామ స్టూడియోలో పనికి చేరాను. మామ అంటే మా అమ్మ తమ్ముడు. పెళ్లిళ్లకు వీడియోలు తీస్తాడు. కెమెరా భుజానికెత్తుకుంటే ఎంత దర్జాగా ఉంటాడో, కంప్యూటర్ ముందు కూర్చుంటే అంత బెదిరిపోయేవాడు. మౌసును పిల్లికూనను పట్టుకున్నట్టు రెండు వేళ్లతో పట్టుకునేవాడు. "మా పాప ఉండాది గదా, అదంతా అదే చూసుకుంటాది" అని కొట్టుకు వచ్చిన వాళ్లందరికీ చెప్పేవాడు. ఆ మాట చెవిన పడితే చాలు, నేను కుర్చీలోనే రెండంగుళాలు పొడుగు పెరిగేదాన్ని.

స్టూడియోలో ఉన్న పాత మిషను మూలనపడ్డాక కొత్తది కొనాలన్నప్పుడు, షోళింగనల్లూరులో ఒక ఆఫీసు వాళ్లు తమ కంప్యూటర్లను తీసేస్తున్నారని తెలిసింది. ఇద్దరం బస్సులెక్కి అంత దూరం పోయాం. సన్నగా, నల్లగా, గీత కూడా పడకుండా వరసగా నిలబెట్టి ఉన్నాయవి. మామ వాటి చుట్టూ పెళ్లిచూపులకు వచ్చిన వాడిలా తిరిగి, "ఇంత సన్నంగా ఉండాదే పాపా, మన పని తాళతాదా?" అన్నాడు. నేను నవ్వాను (ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ తల దించుకుంటాను). "ఇది పెద్ద కంపెనీ మిషను మామా. ఇప్పుడు కొనుక్కుందాం, తర్వాత మెమరీ పెంచుకోవచ్చు, గ్రాఫిక్స్ కార్డు పెట్టుకోవచ్చు, ఎంత కావాలంటే అంత పెంచుకోవచ్చు" అన్నాను. తిరిగి వచ్చేటప్పుడు మామ దాన్ని ఒడిలో పెట్టుకుని, కుదుపు వచ్చినప్పుడల్లా చేత్తో నిమురుతూ కూర్చున్నాడు.

పెంచడం మొదలుపెట్టాక తెలిసింది అసలు సంగతి. ఆ కంపెనీ వాళ్లు ఆ పెట్టెను తమ కొలతలకే, తమ సామాన్లకే సరిపోయేలా చేసుకున్నారు. బజారులో దొరికే వస్తువేదీ దానికి గిట్టదు. నేను కొనుక్కొచ్చిన గ్రాఫిక్స్ కార్డు పెట్టె కంటే నాలుగు వేళ్ల ఎత్తు ఎక్కువ. పోనీ పైకి పొడుచుకు వచ్చినా పర్వాలేదనుకుంటే, దానికి కరెంటు ఇచ్చే వైరే లోపల లేదు. కరెంటు డబ్బా మారుద్దామంటే దాని ఆకారమే వేరు. మెమరీ పెంచితే మిషను మూడుసార్లు కీచుమని ఊరుకుంది. ప్రతిసారీ మామ నా వెనక నిలబడి, "పోనీలే పాపా, దానికి ఇష్టం లేదేమో" అనేవాడు. కోప్పడినా బాగుండేది.

ఇంతలో కత్తిరి ఎండలు వచ్చాయి. మద్రాసులో ఆ మూడు వారాలూ మనుషులే పనిచేయరు, సన్నపెట్టె ఎలా చేస్తుంది? పెళ్లి వీడియో అంతా కత్తిరించి, అతికించి, చివరికి ఒకే ఫైలుగా తయారు చేయడానికి ఎనిమిది గంటలు పట్టేది. సగం దాటగానే పెట్టె ఇస్త్రీపెట్టెలా కాలిపోయి, గుడ్లు తేలేసి ఆగిపోయేది. మూత తీసి టేబుల్ ఫ్యాను పెడదామంటే, మూత తీసినట్టు కనిపెట్టే మీట ఒకటి లోపల ఉంది. మూత లేకపోతే మిషను లేవనే లేవదు. లోపలి ఫ్యాను మారుద్దామంటే బజారు ఫ్యానుకు నాలుగు పిన్నులు, దీనికి ఐదు. తన సొంత ఫ్యాను తిరగకపోయినా లేవదు. అంత పట్టింపు నేను మా బంధువుల్లో కూడా చూడలేదు.

సరిగ్గా అప్పుడే ఓడ పెళ్లికొడుకు వీడియో వచ్చి పడింది. ఆయన సరుకు ఓడలో పని చేస్తాడు. పెళ్లయి పట్టుమని మూడు వారాలు కాలేదు, శనివారం తెల్లారేసరికి ఓడ ఎక్కాలి. మళ్లీ ఇంటికి రావడం తొమ్మిది నెలలకు. "ఏమీ అడగను సార్, ఆ వీడియో ఒకటి చేతికిస్తే చాలు. ఆడ సముద్రం తప్ప ఇంకేం కనపడదు" అన్నాడు. పక్కన కొత్త పెళ్లికూతురు తల వంచుకుని చీర అంచు చుట్టుకుంటూ నిలబడింది. మామ నా వైపు కూడా చూడకుండా, "శుక్రవారం సాయంత్రం ఆరుకి వచ్చేయండి, మా పాప చూసుకుంటాది" అని మాటిచ్చేశాడు. మంగళవారం మిషను డెబ్బై శాతం దగ్గర ఆగింది. బుధవారం అరవై దగ్గర. గురువారం యాభై దాటలేదు. పెళ్లికూతురు ముఖం గుర్తొచ్చి నాకు అన్నం సహించలేదు.

మా స్టూడియో పక్కనే పెట్టెన్న కొట్టు. ఎవరైనా పోతే శవాన్ని ఉంచే ఫ్రీజర్ పెట్టెలు అద్దెకు ఇస్తాడు. గురువారం సాయంత్రం ఆయన అద్దాల మూత తుడుస్తుంటే చూస్తూ నిలబడిన నా బుర్రలో ఒక మెరుపు మెరిసింది. చెప్పగానే మామ రెండు చెవులూ మూసుకున్నాడు. పెట్టెన్న మాత్రం తాపీగా బీడీ ఆర్పి, "పెట్టె రేపు ఖాళీగానే ఉండాది. మనిషిని పెడితే ఏంది, మిషను పెడితే ఏంది? తీసుకోమ్మా" అన్నాడు. మామ చెవుల మీంచి చేతులు తీసి, "సరి పాపా, నువ్వు చెప్తే సరిగ్గానే ఉంటాది" అన్నాడు. (అత్త ఆ వారం తిరువొత్తియూరులో వాళ్ల అక్క ఇంట్లో ఉంది. ఉండి ఉంటే ఈ కథే లేదు.)

శుక్రవారం ఉదయం ఆరింటికి పెట్టె వచ్చింది. ఏడడుగుల పెట్టె మా కొట్టు గుమ్మంలో తిరగలేదు. వీధి వసారాలోనే పెట్టి, కంప్యూటర్ అందులో పడుకోబెట్టి, వైర్లు మూత సందులోంచి బయటికి లాగి, సందుకు గుడ్డలు కుక్కాను. మానిటరు గుమ్మం లోపల స్టూలు మీద పెట్టుకున్నాను. ఎండ నేరుగా అద్దం మీద పడుతోందని పైన తెల్ల దుప్పటి కప్పాను. శుక్రవారం కదా అని రోజూలాగే నాలుగు ఊదుబత్తులు వెలిగించి, చేతికి అందిన చోట, అంటే పెట్టె తలాపున గుచ్చాను. ఇవన్నీ కలిపి చూస్తే ఎలా ఉంటుందో నాకు తట్టలేదు. మామ పది గంటలకు, "ఎందుకైనా మంచిది, ఇంకో ఫ్యాను చూసొస్తా" అని కంప్యూటర్ సామాన్లు అమ్మే రిచీ స్ట్రీట్‌కు పోయాడు. నేను వీధికి వీపు పెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, శాతాలు చూస్తూ కూర్చున్నాను.

అరవై. డెబ్బై. డెబ్బై ఐదు దాటినప్పుడు సంతోషంతో కళ్లలో నీళ్లు తిరిగాయి. మధ్యాహ్నం ఒంటిగంటకు ఎనభై ఏడు. అప్పుడు ఎవరో వెనకనుంచి నా తల పట్టుకుని గుండెలకు అదుముకున్నారు. చూస్తే వీధి చివర పూలమ్మే అవ్వ. కళ్లు ఎర్రగా ఉన్నాయి. హెడ్‌ఫోన్లు తీస్తే, "ఎప్పుడాయెనమ్మా?" అంది. పని ఎప్పుడు మొదలైందని అడుగుతోందనుకుని, "పొద్దున ఆరింటికి అవ్వా" అన్నాను. "మొన్న గూడా నాతో నవ్వతా మాట్లాడినాడే!" అంది. అది ఓడ పెళ్లికొడుకు గురించని నేను అనుకున్నాను. "ఏం కంగారుపడొద్దు అవ్వా, ఇంకో గంటలో అంతా అయిపోతాది. సాయంత్రం ఆరుకి తీసకపోతారు" అని ఓదార్చాను. అవ్వ పెద్దగా గొల్లుమంది. అప్పుడు తిరిగి చూశాను. వీధిలో నలభై మంది ఉన్నారు. పక్కింటివాళ్లు కుర్చీలు కూడా వేశారు. దుప్పటి మీద రెండు దండలు.

నేను నోరు తెరిచేలోపు జనాన్ని తోసుకుంటూ డోలు చిన్నాయన (వీధిలో అందరికీ ఆయన చిన్నాయనే) వచ్చాడు. ఆయనా మామా చిన్ననాటి నుంచీ జోడీ. ఈయన డోలు వాయించిన పెళ్లికి మామ వీడియో తీయాల్సిందే. ఎప్పుడో ఒక వీడియోలో మామ ఈయన డోలును రెండు నిమిషాలకు కత్తిరించాడు. "నేను అరగంట చెమటోడిస్తే రెండు నిమిషాలా?" అని చిన్నాయన అలిగాడు. ఆరేళ్లుగా మాటల్లేవు. ఒకే వీధిలో ఉంటూ ఒకరు వస్తే ఇంకొకరు అటు తిరిగిపోయేవాళ్లు, ఒకే పెళ్లికి పిలుపొచ్చినా ముఖాలు చూసుకోకుండా ఎవరి పని వాళ్లు చేసుకునేవాళ్లు. ఆ వేళ ఆయన ముహూర్తం ముగించుకుని, భుజాన డోలుతో, కాళ్లకు చెప్పుల్లేకుండా కాలే రోడ్డు మీద పరిగెత్తుకొచ్చాడు. వచ్చి పెట్టె మీద పడిపోయాడు. "ఒరే, రెండు నిమిషాలైతే ఏందిరా! అసలు పెట్టకపోయినా ఏందిరా! నాతో ఒక మాట మాట్లాడకుండా పోయినావే! ఒక్కతూరి ముఖం చూపించండయ్యా!" అని ఏడుస్తూ దుప్పటి లాగి మూత ఎత్తేశాడు.

తెల్లటి పొగమంచు బుస్సుమని లేచింది. అది తేలిపోయాక లోపల నల్లటి సన్నపెట్టె, దాని మీద మిణుకుమిణుకుమంటున్న పచ్చదీపం. "మూత మూయండి, తడి పట్టేస్తాది!" అని నేను కేక పెట్టాను. చిన్నాయన ఉలిక్కిపడి వెనక్కి తగ్గబోయి వైరును కాలితో లాగేశాడు. పచ్చదీపం ఆరిపోయింది. తొంభై ఒకటి దగ్గర.

అదే సమయానికి మామ ఫ్యాను పొట్లం చేతిలో పట్టుకుని మలుపు తిరిగి వచ్చాడు. జనాన్ని చూసి చెప్పులు వదిలి, ముఖం దిగాలుగా పెట్టి, చివరన నిలబడిన ఒకాయన్ను మెల్లగా, "ఎవురు పోయినారండీ?" అని అడిగాడట. ఆయన తిరిగి చూడకుండానే, "స్టూడియో ఆయనంట పాపం, మంచోడు" అన్నాడట. "అయ్యో" అని మామ ఇంకో రెండడుగులు ముందుకు వేశాక గానీ ఆ స్టూడియో తనదేనని తట్టలేదు. మామను చూసి పూలవ్వ అరిచిన అరుపుకు జనం రెండుగా చీలారు. (తర్వాత అందరినీ అడిగాను, ఒక్కరైనా మామకు ఫోన్ చేయలేదేమని. "పోయినోడికి ఎట్టా ఫోన్ చేస్తాం?" అన్నారు. నిజమే.)

చిన్నాయన మామను చూశాడు. మామ చిన్నాయన బొబ్బలెక్కిన కాళ్లను చూశాడు. చిన్నాయన ముందుకు వచ్చి మామ వీపు మీద ఒక్కటి చరిచాడు. అంత గట్టి దెబ్బ ఆయన డోలు మీద కూడా వేసి ఉండడు. తర్వాత ఇద్దరూ పట్టుకుని ఏడ్చారు. నేను మాత్రం కంప్యూటర్ కోసం ఏడ్చాను.

నా ఏడుపు చూసి పెట్టెన్న స్క్రూడ్రైవర్ తెచ్చాడు. మిషనును వసారాలో పెట్టి, తడి ఆరేదాకా తుడిచి, విప్పాడు. లోపల ఫ్యాను కింద ఉన్న రేకుల సందుల్లో దూది పరుపులా దుమ్ము. షోళింగనల్లూరు ఆఫీసు దుమ్మంతా అక్కడే కాపురముంది. "చూడమ్మా" అన్నాడు పెట్టెన్న, "నేను ఇన్నేళ్లుగా ఈ పని చేస్తా ఉండా. చలవ లోపలికి తోస్తే సరిపోదు, వేడి బయటికి పోయే దోవుండాల. నువ్వు ఎప్పుడైనా దీన్ని తుడిచినావా?" తుడవలేదు. నా కోర్సులో ఆ పాఠం మూడో నెలలో ఉండి ఉంటుంది.

దుమ్మంతా బ్రష్షుతో దులిపాడు. మూత మీటను అట్టముక్కతో నొక్కి అతికించాడు (నాలుగు నెలల్లో నాకు తట్టని ఉపాయం). సొంత ఫ్యానును దాని చోటే ఉంచి, దాని గౌరవం కాపాడి, మామ తెచ్చిన బజారు ఫ్యానుకు కెమెరా లైటు బ్యాటరీ నుంచి కరెంటు ఇచ్చాడు. దాన్ని నిలబెట్టడానికి ఆధారం లేకపోతే చిన్నాయన తన డోలు నుంచి ఒక తోలు వారు విప్పి, మిషను చుట్టూ బిగించి కట్టాడు. రెండున్నరకు మిషను లేచింది. ఇన్నాళ్లూ ఊపిరాడక నిదానించిందే తప్ప నిజానికి అది చురుకైనదేనట, ఎనిమిది గంటల పని మూడున్నర గంటల్లో చేస్తానని తెర మీద చూపించింది. ఆరుకు సరిగ్గా అందుతుంది. నా చేయి మౌసు మీద ఉండగా మామ గొంతు సవరించుకున్నాడు.

"పాపా, ఆ పెళ్లిలో డోలు వాయించింది మనోడే గదా. ఎంత పెట్టినాం?"

"రెండు నిమిషాలు."

"అంతా పెట్టేయి."

"మామా! ఇంకో ఇరవై నిమిషాల వీడియో పెరుగుతాది! ఆరుకి ఆయన వస్తాడు!"

"వస్తే కూర్చోబెడతాం. అంతా పెట్టేయి పాపా."

పెళ్లికొడుకు ఆరుకు వచ్చాడు. పక్కింటివాళ్లు వేసిన కుర్చీలు ఇంకా ఉన్నాయి. ఆయన్నీ పెళ్లికూతురినీ వాటిలో కూర్చోబెట్టి, మామ పొద్దుటి కథ చెప్తుంటే, చిన్నాయన మధ్యలో అందుకుని తానెంత బాగా ఏడ్చాడో చెప్పాడు. తలవంచుకుని వచ్చిన ఆ పిల్ల నవ్వి నవ్వి భర్త భుజం మీద వాలిపోయింది. ఏడు కావస్తుండగా పెన్‌డ్రైవ్ ఆయన చేతిలో పెట్టాను. తొమ్మిది నెలల తర్వాత ఆయన మిఠాయి పొట్లంతో వచ్చి, ఓడలో అందరూ మళ్లీ మళ్లీ వేయించుకున్నది తాళి కట్టే ఘట్టం కాదని, ఆ డోలేనని చెప్పినప్పుడు చిన్నాయన అక్కడే ఉన్నాడు. మామ మళ్లీ ఎప్పుడూ ఆ డోలును కత్తిరించలేదు.

ఇప్పుడు నేను పెద్ద ఆఫీసులో పనిచేస్తున్నాను. మిషను వేడెక్కితే ఒక ఫారం నింపుతాను, ఎవరో వచ్చి ఇంకొకటి పెట్టి పోతారు. నాకు తెలియని సంగతులు ఎన్ని ఉన్నాయో ఇప్పుడు నాకు బాగా తెలుసు, వాటి గురించి మాట్లాడాల్సి వస్తే రెండుసార్లు ఆలోచిస్తాను. ఒక్కోసారి మాత్రం, వీధిలో శవపెట్టెలాంటి దాని పక్కన కూర్చుని ఎనభై ఏడు, ఎనభై ఎనిమిది అని లెక్కపెట్టుకున్న ఆ పిల్ల కళ్ల ముందు మెదులుతుంది. ఆ పిల్ల పక్కన కాసేపు కూర్చోవాలనిపిస్తుంది. తప్పు చెబుతూ కూడా అంత ధైర్యంగా ఎలా చెప్పగలిగావే అని అడగాలనిపిస్తుంది. అడిగితే అది కచ్చితంగా ఏదో ఒక జవాబు చెప్తుంది. ఆ జవాబూ తప్పే అయి ఉంటుంది, నేను మాత్రం నమ్మేస్తాను.