చైనీస్ నొప్పులతో బోధన్ దాకా

ఆదివారం ఉదయం ఏడింటికి కాచిగూడలో రైలెక్కాను. భుజాన బట్టల సంచి, చేతిలో పొడుగాటి అట్ట గొట్టం. ఆ గొట్టంలో ఉన్నది నిలువెత్తు మనిషి బొమ్మ చార్టు. తల నుంచి కాలి వేళ్ళ దాకా ప్రతి అవయవం పక్కన చైనీస్ పేరు రాసి ఉంటుంది. నేను ఆన్‌లైన్‌లో చైనీస్ నేర్పుతాను. నా విద్యార్థిని సుజాతది బోధన్ దగ్గర ఒక పల్లె. తైవాన్‌లోని ఒక వృద్ధాశ్రమం ఉద్యోగానికి సోమవారం పొద్దున ఆమెకు వీడియో ఇంటర్వ్యూ. మొదటిసారి తప్పింది. ఇది రెండోది, ఆఖరిది కూడా.

తప్పిన తీరే నాకు అంతుబట్టలేదు. నర్సింగ్ చదివిన పిల్ల. అవయవాల పేర్లన్నీ గడగడా అప్పజెప్తుంది. "మోకాలు ముట్టుకుని, నొప్పిగా ఉందని చెప్పు" అంటే మాత్రం బిగుసుకుపోతుంది. ఇంటర్వ్యూలో అంతే, నా క్లాసులోనూ అంతే. సిగ్గేమో అనుకున్నాను. కెమెరా భయమేమో అనుకున్నాను. ఫోన్‌లో అడిగితే "ఏం లేదు మేడం" అంటుంది. ఇలా లాభం లేదని, ఎదురుగా కూర్చోబెట్టి చూద్దామని బయల్దేరాను.

నా ఎదుటి సీట్లో వేల్పూర్ పసుపు రైతు ఒకాయన కూర్చున్నాడు. పట్నంలో కళ్ళు చూపించుకుని వెళ్తున్నాడట. కామారెడ్డి దాటేవరకూ నా గొట్టం వంకే చూసి, ఇక ఉండబట్టలేక అడిగాడు.

"గా గొట్టంల ఏమున్నది బిడ్డా?"

చార్టు విప్పి చూపించాను. కళ్ళద్దాలు పైకి నెట్టి ఆ బొమ్మను కిందికీ మీదికీ చూశాడు.

"చీనోళ్ళకు సుత మోకాళ్ళు నొస్తయా?"

"నొస్తాయి. కాకపోతే వాళ్ళు శీగాయ్ అంటారు."

"పేరేదైతేంది, మెట్లెక్కేటప్పుడే నొస్తయి గద" అన్నాడు. చార్టును నాకంటే జాగ్రత్తగా చుట్టి తిరిగిచ్చాడు.

పదిన్నరకు నిజామాబాద్. స్టేషన్ ఎదుట హోటల్లో పూరీ తిని, ఛాయ్ తాగి, బస్టాండుకు నడిచాను. బోధన్ బస్సులకు కొరత లేదు, ఎక్కువసేపు నిలబడాల్సిన పని ఉండదు. ఆధార్ చూపిస్తే ఆడవాళ్ళకు జీరో టికెట్. గొట్టం ఎక్కడ పెట్టాలో తెలియక ఒళ్ళో అడ్డంగా పెట్టుకుంటే, అటు తగిలి ఇటు తగిలి కండక్టర్‌కు విసుగొచ్చింది. "మేడం, గా తుపాకి జర నిలువు పట్టుకోండ్రి" అన్నాడు. బస్సంతా నవ్వింది, నేనూ నవ్వాను.

ఎడపల్లి దాటాక రెండు పక్కలా వరి పచ్చగా పరుచుకుంది. అక్కడక్కడా చెరుకు మడి. పక్కన కూర్చున్న పెద్దావిడ కిటికీలోంచి చెయ్యి ఊపి, "గీడంత చెరుకే ఉండె. చక్కెర ఫ్యాక్టరీ నడిసినప్పుడు బండ్లు ఈడిదాంక లైను గట్టేటియి" అంది. ఆ మాటలో ఏడుపు లేదు, ఊరి గురించి చెప్పుకునే మురిపెమే ఉంది. తన కోడలు ఇప్పుడు అదే పొలంలో కూరగాయలు పండిస్తోందని కూడా చెప్పింది.

బోధన్ బస్టాండులో తెలుగు, ఉర్దూ, మరాఠీ ఒకేసారి వినిపిస్తాయి. దిగగానే సుజాత కనిపించింది. తెర మీద చూసిన దానికంటే పొడగరి. ఇద్దరం ఆటోలో వాళ్ళ ఊరు చేరాం. తల్లీతండ్రీ పసుపు ఉడకబెట్టే పనికి ఆర్మూర్ వైపు వెళ్ళారు. ఇంట్లో ఉన్నది నాయనమ్మ లచ్చవ్వ ఒక్కతే. ఒళ్ళో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. నన్ను చూసి గోడ పట్టుకుని లేవబోతే నేనే ఆపాను. జొన్నరొట్టె, వంకాయ కూర, పచ్చిపులుసు పెట్టారు. రెండో రొట్టె వద్దంటే అవ్వ ఒప్పుకోలేదు.

తిన్న తర్వాత సుజాత కూడా చాట ముందు కూర్చుంది. ఆకు కత్తిరిస్తూనే నెమ్మదిగా చెప్పింది.

"దవాఖాన నౌకరి కోసం మస్తు తిరిగిన మేడం. దొరకలే. ఇంటికాడ కూసుండి బీడీలే చేస్తున్న. చదివింది నర్సు చదువు, చేతులకేమో గిదే అలవాటైతున్నది. గదే భయం."

ఆ చేతుల్ని నేను అప్పుడే సరిగా చూశాను. ఎటూ చూడకుండానే ఆకును చుట్టి, కొస మడిచి, దారం కట్టేస్తున్నాయి. ఈ పిల్లకు ఈసారి ఉద్యోగం రావాలని గట్టిగా అనిపించింది.

చార్టు గోడకు తగిలించి పాఠం మొదలుపెట్టాను. నేను నా తల ముట్టుకుని "థౌ" అన్నాను. ఆమె కూడా తల ముట్టుకుని అంది. నడుము ముట్టుకుని "యావ్" అన్నాను. అదీ అంది. ఆ తర్వాత నడుము మీద చెయ్యి వేసి, మొహం చిట్లించి, "యావ్ థుంగ్" అన్నాను. నడుము నొప్పి అని దానర్థం. సుజాత చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. వెనకనుంచి అవ్వ గొంతు వినిపించింది.

"గట్ల ఒంటి మీద సూపెట్టుకోకు తల్లీ. తుడుసుకో."

అవ్వ తన అరచేత్తో నా నడుము తుడిచి, ఉఫ్ అని ఊదేసింది.

నాకు అప్పటికి గానీ వెలగలేదు. పక్కవాళ్ళ దెబ్బనీ రోగాన్నీ మన ఒంటి మీద చూపించుకోకూడదని మా ఇంట్లోనూ అనేవాళ్ళు. ఎన్నిసార్లు విన్నానో. పాఠం చెప్పే ధ్యాసలో పడి అది పూర్తిగా మరిచిపోయాను.

"నువ్వు నర్సువి, ఇది నమ్ముతావా?" అని అడిగాను.

"నమ్ముత అని కాదు మేడం. చెయ్యి పోదు. నొప్పి లేనికాడ ఉన్నదని ఎట్లంటం?"

అవ్వే చాట పక్కకు నెట్టి కాళ్ళు బార్లా చాపింది.

"నా మీద సూపియ్యి. నాకు ఉన్నయే గద, కొత్తగ అచ్చేదేమున్నది?"

ఇక చార్టు అవసరమే రాలేదు. సుజాత అవ్వ ముందు కూర్చుని, "నిన్ నాలీ థుంగ్?" అని అడిగింది. మీకు ఎక్కడ నొప్పి అని పెద్దవాళ్ళను అడిగే తీరు అది. అవ్వకు చైనీస్ రాకపోయినా, ఆ గొంతు విని ప్రశ్న అర్థమైంది. మోకాలు చూపించింది. "శీగాయ్ థుంగ్" అంటూ సుజాత అక్కడే నొక్కింది. మెడ, భుజం, మణికట్టు, బీడీలు చుట్టి మొద్దుబారిన వేళ్ళు, ఒక్కోటీ ముట్టుకుంటూ పోయింది. నెలల తరబడి నేను రాబట్టలేని మాటలు తడబాటు లేకుండా వచ్చాయి. అవ్వ మధ్యలో కళ్ళు మూసుకుని, "జర గట్టిగ ఒత్తు" అంది. ఆ రాత్రి అక్కడే పడుకున్నాను. ఇంటర్వ్యూలో మాత్రం తన ఒంటి మీదే చూపించమంటారని ముగ్గురికీ తెలుసు.

సోమవారం తొమ్మిదింటికి ఫోన్‌ను బియ్యం డబ్బాకు ఆనించి పెట్టాం. అవ్వా నేనూ తలుపు పక్కన కూర్చున్నాం. తెర మీద నెరిసిన జుట్టు ఆవిడ కనిపించింది. పేరు, చదువు అడిగింది. సుజాత బాగానే చెప్పింది. తర్వాత అనుకున్నదే వచ్చింది. మోకాలు ముట్టుకుని, నొప్పిగా ఉందని చెప్పమంది.

సుజాత చెయ్యి లేవలేదు. అవ్వ నా మోచెయ్యి పట్టుకుంది.

అప్పుడు సుజాత మోకాలి మీద చెయ్యి పెట్టి, "శీగాయ్ బూ థుంగ్" అంది. నా మోకాలు నొప్పిగా లేదు అని. ఆగకుండా నడుము నొప్పిగా లేదు, మెడ నొప్పిగా లేదు అంటూ ముట్టుకుంటూ పోయింది. అది నేను నేర్పింది కాదు, తనకే తోచింది. చివర తెరకు దగ్గరగా వంగి, "నిన్ నాలీ థుంగ్?" అని ఆవిడనే అడిగింది.

ఆవిడ కుడి భుజం పట్టుకుని తన నొప్పి చెప్పడం మొదలుపెట్టింది. పొద్దున జుట్టు దువ్వుకునేటప్పుడు చెయ్యి పైకి లేవడం లేదట. సుజాత వేడినీళ్ళ కాపడం గురించి, చేతిని గోడ వెంట మెల్లగా పైకి జరపడం గురించి వచ్చీరాని చైనీస్‌లో చెప్తుంటే, ఆవిడ తలాడిస్తూ వింది. ఇంటర్వ్యూ చాలాసేపు సాగింది.

మధ్యాహ్నం బోధన్ నుంచి బస్సు, మూడింటికి నిజామాబాద్‌లో రైలు. ఆ దారిన వెళ్ళేవాళ్ళకు నేను చెప్పేది ఇంతే, పొద్దున రైలుకు బయల్దేరితే భోజనం వేళకు బోధన్ చేరొచ్చు. ఎవరింటికైనా వెళ్తే రెండో రొట్టెకు కడుపులో చోటుంచుకోండి. నాకు మాత్రం మనసంతా ఫోన్ మీదే ఉంది. కామారెడ్డిలో రైలు ఆగినప్పుడు సుజాత ఫోన్ చేసింది.

"మేడం, తీసుకున్నరు. వచ్చే నెల రమ్మన్నరు."

సంతోషంతో నేనేం మాట్లాడానో నాకే గుర్తు లేదు. పక్కవాళ్ళు తిరిగి చూశారు. అంతలో అవ్వ ఫోన్ లాక్కుంది. నా బాగోగులు అడిగి, తర్వాత గొంతు తగ్గించింది.

"బిడ్డా, దానికి నా మీదనే పాణం. నన్నిడ్సి పోను ఎన్కముందాడుతది. అందుకే దానికి గా చీన మాటలల్లనే చెప్పిన. మంచిగనే అన్ననా సూడు. శీగాయ్, బూ థుంగ్."

నిన్న గోడ పట్టుకుని లేవబోయిన మనిషి ఈ మాట అంటోంది. "బాగా అన్నావవ్వా" అన్నాను. రైలు కదిలింది.