ఏడు గోడల మీద అమ్మ

మొన్న ఒక పత్రికలో మా తమ్ముడి ఫోటో వేసి పెద్ద వ్యాసం రాశారు. చిత్రకారుడు, సినిమా దర్శకుడు, అతని కళంతా కరుణలోంచి పుట్టిందట. చదివి ఫక్కున నవ్వాను. కరుణా, పాడా! వాడి మొదటి సినిమా పచ్చి పగలోంచి పుట్టింది. అందులో సున్నం కలిపిన చెయ్యి నాది.

కలకత్తాలో అప్పుడు మేం ఖిదిర్‌పూర్ మునిసిపల్ క్వార్టర్లలో ఉండేవాళ్లం. అమ్మ ఆ వీధులే ఇరవై ఏళ్లు ఊడ్చింది. తమ్ముడు దుకాణాలకి బోర్డులు రాసేవాడు. ఫిలిం క్లబ్బులో కుర్చీలు సర్దిపెట్టి, వాళ్ల కెమెరా అరువు తెచ్చుకునేవాడు. అమ్మ పోయిన పదకొండో రోజున క్వార్టర్ల బయటి గోడ మీద, చీపురు భుజాన వేసుకున్న అమ్మ బొమ్మ వేశాడు. ముక్కు పక్కన పుట్టుమచ్చతో సహా అచ్చం అమ్మే. ఇంతలో ఎన్నికలొచ్చాయి. అక్కడ ఎన్నికలంటే ముందు గోడల పంపకం. ఎవరు ముందు సున్నం కొట్టి పేరు రాసుకుంటే ఆ గోడ వాళ్లది. ఏ పార్టీయో చెప్పను గానీ, వాళ్ల గోడల పని చూసే దాదా ఒకడు మనుషుల్ని తెచ్చి, అమ్మ ముఖాన్ని ఇనప బ్రష్షుతో గీకించి సున్నం కొట్టించాడు. నేను అడ్డం పడితే, "ఊడ్చేదాని ముఖానికి ఇంత గోడెందుకు దీదీ?" అని నవ్వాడు. ఆ నవ్వు నేను మర్చిపోలేదు. మర్చిపోయే ఉద్దేశమూ లేదు.

మర్నాడు ఆ దాదాయే రాతపనికి తమ్ముణ్ణి పిలిచాడు. ఆ చుట్టుపక్కల వాడంత బాగా అక్షరం రాసేవాడు లేడు మరి. బొమ్మ ఎవరు వేశారో దాదా అడిగిన పాపాన పోలేదు. తమ్ముడు సరేనని వచ్చాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

"సిగ్గు లేదేటిరా నీకు?"

"అరవకప్పా. జిగురెయ్యకుండా సున్నం కలుపు. వానొస్తాది, అప్పుడు సూద్దువు గాని."

మొత్తం ఏడు గోడలు. ఎండకి రంగు పాడవుతుందని చెప్పి గోనె పరదాలు కట్టాడు. పరదా వెనక ముందు ఆయిల్ పెయింటుతో అమ్మ. అది ఆరాక నేను కలిపిన సున్నం, దానిమీద బారెడేసి అక్షరాల్లో అభ్యర్థి పేరు. దాదా వచ్చి చూసి మురిసిపోయి, మా ఇద్దరికీ చెరో సందేశ్ పెట్టాడు. సున్నం బకెట్టుతో నిలబడ్డ నన్ను కూడా గుర్తుపట్టలేదు. మిఠాయి తిన్నాను. బాగానే ఉంది.

ఆషాఢంలో, ఓట్లకి ఇంకా వారం ఉందనగా, మొదటి గట్టి వానకి అభ్యర్థి పేరు మురిక్కాలవలో కలిసింది. ఏడు గోడల మీదా అమ్మ నిలబడింది. తమ్ముడు ఎదురుగా టీకొట్టు చూరు కింద కెమెరా పెట్టుకుని ఉన్నాడు. దాదా గొడుగేసుకుని పరుగున వచ్చాడు. వానలోనే మళ్లీ సున్నం కొట్టించాడు, కొట్టింది కొట్టినట్టే కారిపోయింది. గోళ్లతో గీకి చూశాడు. చివరికి మావైపు తిరిగి, "ఎవరీ ముసలిది?" అన్నాడు.

తను గీకించిన ముఖమే వాడికి గుర్తు లేదు. తమ్ముడు కెమెరా ఆపకుండా, బెంగాలీలో నెమ్మదిగా చెప్పాడు: "మా అమ్మ. ఇరవై ఏళ్లు మీ గుమ్మం ముందు ఊడ్చింది."

దాదా ముఖం పాలిపోవడం సినిమాలో ఉంది. అక్కడికొచ్చేసరికి నాకు ఇప్పటికీ కడుపు నిండుతుంది. ఆ గోడలు కూల్చి ఫ్లాట్లు కట్టారు. దాదా పోయి కూడా చాలా కాలమైంది. కబురు తెలిసినా నేను చూడ్డానికి వెళ్లలేదు. కాలం గడిస్తే కోపాలు పాతబడతాయంటారు. ఇన్నేళ్లలో పాతబడింది నేనొక్కదాన్నే.