ఒడిబియ్యానికి దారి విడిచినవాళ్ళు

ఎక్కడ నలుగురు చుట్టాలు కూడినా మా బావ ఒక కథ చెప్పేవాడు. తన బామ్మర్ది, అంటే నేను, మానుకోట దగ్గర చెక్‌పోస్టులో పోలీసులను గద్దించి, కారు మీద పడ్డ రైతుల గుంపును దాటుకుని, అక్కకు ఒడిబియ్యం వేళకు తెచ్చిన కథ. ఆయనకు దాన్ని చెప్పింది నేనే. అందులో నిజం ఒక్కటే, ఒడిబియ్యం వేళకు చేరడం. మిగతాది ఎలా జరిగిందో ఇప్పుడు చెబుతాను.

మాది జనగామ. అక్కను బయ్యారం దగ్గర ఒక ఊరికి ఇచ్చాం. మా వైపు ఆడబిడ్డకు కొన్నేళ్ళకోసారి పుట్టింటివాళ్ళు పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, చీర పట్టుకెళ్ళి ఆమె ఒడిలో పోస్తారు. బాపు పోయాక ఆ పని నా మీద పడింది. ఒక ఏడు ఆఫీసులో ఆడిట్ అన్నాను, మరో ఏడు పిల్లల పరీక్షలన్నాను. నా భార్యది భూపాలపల్లి. ఆమె అన్నదమ్ములు ఏనాడూ తప్పించలేదు. వాళ్ళు వచ్చి వెళ్ళిన రోజు ఆమె నన్నేమీ అనేది కాదు. ఆ బియ్యంతో వండిన అన్నం నా పళ్ళెంలో కాస్త ఎక్కువ వడ్డించేది, అంతే.

చివరికి అక్కే ఫోన్ చేసింది.

"తమ్మీ, గీసారి గూడ రాకపోతె చెప్పు. మా పక్కింటాయన్ను అన్నా అని పిలుస్త. ఆయనతోని పోయించుకొని, నాకు పుట్టిల్లు లేదనుకుంట."

నవ్వుతూనే అంది. కానీ ఆ నవ్వు నాకు తెలుసు. చిన్నప్పుడు ఏడుపు ఆపుకోవడానికి అలాగే నవ్వేది.

వాళ్ళ అత్తగారింట్లో ఒడి నింపడం మధ్యాహ్నం లోపు అయిపోవాలి. పొద్దు తిరిగాక పోయరు. తెల్లవారుతూనే బయలుదేరాం గానీ, జఫర్‌గఢ్ దాటాక కుడుకల సంచి ఇంట్లోనే మరిచిపోయామని తెలిసింది. వెనక్కి వెళ్ళి తెచ్చుకున్నాం. బియ్యం మూటను దారిలో కింద పెట్టకూడదని మా ఇంట్లో పట్టింపు. నా భార్య దాన్ని ఒళ్ళో పెట్టుకుని, నేను బ్రేకు వేసినప్పుడల్లా రెండు చేతులతో పొదివి పట్టుకునేది.

మానుకోట ఇంకా కొంత దూరం ఉందనగా బండ్లు ఆగిపోయాయి. ముందు బారికేడ్లు, పోలీసులు. వాళ్ళకు అవతల రోడ్డు నిండా జనం, ఎక్కువమంది ఆడవాళ్ళు. అకాల వానకు కల్లాల్లో తడిసిన వడ్లను ఎవరూ కొనడం లేదని కలెక్టర్ ఆఫీసుకు నడిచి పోతుంటే పోలీసులు అక్కడ ఆపారు. ఆపితే వాళ్ళు అక్కడే కూర్చున్నారు. డప్పు ఆగి ఆగి మోగుతోంది.

ఎండ నెత్తి మీదికి వస్తోంది. అక్క నుంచి ఫోన్: "యాడున్నరు?" దగ్గరికి వచ్చేశామన్నాను. అప్పటికే పీట వేసి ఉంటారు. పక్కింటాయన గుమ్మంలో నిలబడి ఉంటాడేమో అనిపించింది. కుర్ర ఎస్సై కారు దగ్గరికి రాగానే, ఏమాత్రం ఆలోచించకుండా అనేశాను:

"సార్, మా అక్క దవాఖానల ఉంది. గుండెనొప్పి. సీరియస్ అన్నరు."

నా భార్య చేతులు మూట మీద బిగుసుకున్నాయి. నా వైపు చూడలేదు. ఒడిబియ్యం పట్టుకుని పోతూ ఆడబిడ్డ మీద అంత మాట అనడం మాలో ఎవరూ చేయని పని. నోట్లోంచి వచ్చాక గానీ నాకు తెలియలేదు.

ఎస్సై నమ్మాడు. వెళ్ళి వాళ్ళతో మాట్లాడాడు. మేం భయపడినట్టు ఎవరూ అరవలేదు. కూర్చున్నవాళ్ళు లేచి పక్కకు జరిగారు. ఒకతను కండువా ఊపుతూ ముందు నడిచాడు. "జరగుండ్రే, పానం మీదికొచ్చిందట" అని ఒకరికొకరు చెప్పుకున్నారు. కారు మెల్లగా కదిలింది. ఒక ముసలావిడ పక్కనే నడుస్తూ కిటికీలోంచి నా భుజం మీద చెయ్యి వేసింది.

"ఏం గాదు కొడుకా, పరేషాన్ గాకు. మీ అక్కకు ఏమాయె?"

"గుండెనొప్పి, అవ్వా."

ఆమె చూపు నా భార్య మీదికి పోయింది. తలలో పూలు, పట్టుచీర, ఒళ్ళో పసుపు అంటిన మూట, దాని మీద కుడుకల సంచి. అవ్వ నడక ఆపింది. నేనూ కారు ఆపాను.

"గుండెనొప్పికి కుడుకలు ఎన్నడు పెట్టిండ్రు కొడుకా?"

నా భార్యే చెప్పింది. "ఒడిబియ్యం, అవ్వా. వదినెకు. ఏండ్ల సంది పోలే. పొద్దు తిరుగుతె మల్ల పొయ్యనియ్యరు."

"మరి గది చెప్పడానికి ఏం రోగం? మాకు తోడబుట్టినోల్లు లేరా? మా ఇండ్లల్ల ఒడిబియ్యం పొయ్యరా?" కొంగు ముడి విప్పి చూపించింది. అందులో మొలకలు వచ్చిన వడ్లు. "మా వడ్లు గిట్ల ఖరాబైనయని రోడ్డు మీద గూసున్నం. మనుషులం ఖరాబ్ గాలే." అని వెనక్కి తిరిగి గొంతెత్తింది. "ఏయ్, దవాఖాన గాదట, ఒడిబియ్యమట! ఆడబిడ్డ ఎదురుసూస్తుందట, జల్ది జరగుండ్రి!"

నవ్వులు రోడ్డు పొడవునా పాకిపోయాయి. "అక్కను సంపి ఒడి నింపుతడట!" అని ఎవరో అన్నారు. డప్పు కొట్టే అతను పెళ్ళి ఊరేగింపు దరువు అందుకున్నాడు. అలా డప్పు వెనకాల, మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక స్టీరింగ్ వైపు చూస్తూ, నేను వాళ్ళను దాటాను. కారు దిగలేదు. అవ్వకు దండం కూడా పెట్టలేదు.

అక్క వాకిట్లోనే నిలబడి ఉంది. ఆలస్యం ఎందుకైందని బావ అడిగాడు. ఆ శుభవేళ, అక్కకు ప్రాణం మీదికి వచ్చిందని చెప్పానని ఎలా చెప్పను? నోటికొచ్చింది అల్లాను. బావ దానికి ఏటేటా కాళ్ళూ చేతులూ పెంచాడు. పోను పోను ఆయన కథలో రైతులు అద్దాలు పగలగొట్టారు. ఎక్కడ జనం ధర్నాకు నడిచినా ఆయన "మా బామ్మర్ది కారు మీద పడ్డ మందే గదా" అనేవాడు. విన్నప్పుడల్లా అవ్వ చెయ్యి నా భుజం మీద ఉన్నట్టే ఉండేది. నేను మాత్రం నోరు మెదపలేదు.

ఈ ఏడు మళ్ళీ ఒడిబియ్యం పట్టుకుని వెళ్ళాం. అక్క పీట మీద కూర్చుని కొంగు పట్టింది. బియ్యం చేతిలోకి తీసుకుని, పోయలేక, అందరి ముందు మొత్తం చెప్పేశాను. అక్క కొంగు దించేసింది.

"నన్ను దవాఖానల పండవెట్టినవా? గుండెనొప్పే దొరికిందారా? కాలు బెణికిందంటె కాకపోవునా?"

అందరూ నవ్వారు. బావ నవ్వలేదు. "గన్ని పెండ్లిండ్లల్ల చెప్పిన గదరా" అన్నాడు నీరసంగా.

"ఇగ చెప్పకుండ్రి" అంది అక్క ఆయనతో. తర్వాత నా వైపు తిరిగింది. "ఆ అవ్వది ఏ ఊరు?"

"అడగలే అక్కా."

అప్పుడు నిజంగా కోపం వచ్చింది ఆమెకు. "నా ఒడి నిండనీకి ఎండల లేసి తొవ్వ ఇచ్చిందాన్ని ఏ ఊరని గూడ అడగలే? నువ్వేం మనిషివిరా?"

నేను బియ్యం పట్టుకుని అలాగే నిలబడ్డాను. అక్క మళ్ళీ కొంగు పరిచింది. "పొయ్యి. గని పోయేటప్పుడు ఆ అవ్వ వంతు అన్నం ఆమెకు ముట్టాలె."

ఆ బియ్యంలోంచే వండి, పరమాన్నం కూడా చేసి, స్టీలు గిన్నెకు గుడ్డ కట్టి ఇచ్చింది. తిరుగు దారిలో ఆ చెక్‌పోస్టు ఉన్నచోటికి దగ్గరి ఊళ్ళో కారు ఆపి, చాయ్ హోటల్ ముందు కూర్చున్న పెద్దమనిషిని అడిగాను. తడిసిన వడ్ల కోసం మానుకోటకు నడిచిన అవ్వ ఎవరైనా ఈ ఊళ్ళో ఉందా అని.

ఆయన నన్నూ, నా చేతిలోని గిన్నెనూ చూశాడు.

"ఏ అవ్వ బిడ్డా? మా ఊరి అవ్వలందరు పోయిండ్రు."