కుట్టు విప్పని పార్సిలు

దుబాయ్‌లో దిగిన మొదటి పూటే చెల్లికి అబద్ధం చెప్పాను. అరవై దాటినదాన్ని, బతుకంతా పిల్లలకి పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని, కాస్తయినా తడుముకోకుండా చెప్పేశాను.

"ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకోలేదు కదక్కా?" అని టాక్సీలో అడిగింది.

"లేదే బాబూ! ఎన్నిసార్లడుగుతావు?" అని పైగా కసిరాను కూడా.

నా వీసాకి పూచీ పడింది చెల్లే. నావల్ల ఏ చిన్న తేడా వచ్చినా పోయేది దాని ఉద్యోగం. పన్నెండేళ్ళ క్రితం ఇళ్ళల్లో పనికని ఈ దేశం వచ్చింది. ఇప్పుడు ఒక బడిలో ఆయాగా చేస్తోంది. ఆ బడి ఉద్యోగం రావడానికి ఎంత తిప్పలు పడిందో నాకు తెలుసు. అందుకే బయల్దేరే ముందు ఫోన్‌లో మరీమరీ చెప్పింది, ఎవరేమిచ్చినా తేవద్దని, ఆఖరికి పచ్చడి సీసా అయినా వద్దని. నేను ఊఁ కొట్టాను.

ఊఁ కొట్టిన రెండు రోజులకే రాజోలులో మా పక్కింటి వదినగారు ఒక గుడ్డ పార్సిలు పట్టుకొచ్చారు. నాలుగు వైపులా సూదీ దారంతో బిగించి కుట్టేసి ఉంది. వాళ్ళాయన దుబాయ్‌లో తాపీ పని చేస్తారు.

"మీ అన్నయ్యగారికండీ. తినేవేనండీ, కూరలోకి కాస్త మసాలా సరుకూ అదీను. మీరెలాగూ వెళ్తన్నారు కదాని..."

"ఆయ్, దానికేం భాగ్యమండీ," అన్నాను.

నోరు రాలేదు కాదనడానికి. మా వైపు ఎవరు గల్ఫు వెళ్తున్నా చుట్టుపక్కల వాళ్ళ పార్సిళ్ళు మోసుకెళ్ళడం మామూలే. లోపల ఏముందండీ అని అడిగితే ఆ మనిషిని దొంగని చేసినట్టే. ఇక కుట్టు విప్పి చూడడమంటే, ఆ తర్వాత ఆ ఇంటి వాళ్ళ మొహం చూడలేం. అంత మర్యాదస్తులం మేము! ఆ మర్యాద నెత్తిన పెట్టుకుని విమానం ఎక్కేశాను. ఎయిర్‌పోర్టులో ఎవరూ ఏమీ అడగలేదు.

చెల్లి మరో ముగ్గురు ఆడవాళ్ళతో కలిసి ఒక గదిలో ఉంటుంది. వెళ్ళగానే నా సూట్‌కేసు తనే విప్పి బట్టలు సర్దబోయింది. ఆ సంగతి ముందే ఊహించి పార్సిలుని హ్యాండ్‌బ్యాగులోకి మార్చేశాను. పైన బైబిలు, తువ్వాలు కప్పాను. బాత్‌రూంలోకి పోయి అన్నయ్యగారికి ఫోన్ చేస్తే, "ఆదివారం గానీ సెలవుండదండీ, ఏమనుకోకండీ," అన్నారు. నేను దిగింది గురువారం. ఆదివారం దాకా అది నా భుజానికి వేలాడవలసిందే.

మర్నాడు ఊరు చూడడానికి బయల్దేరాం. అబ్బో, ఏం ఊరు! అమలాపురం సెంటర్లో పండగ నాటి రద్దీయే నాకు తెలిసిన రద్దీ. ఇక్కడ రోడ్డు ఈ గట్టున నిలబడితే ఆ గట్టు మనుషులు ఆనవాలు పట్టలేనంత వెడల్పు. ఒక్క ప్రాణి హారన్ కొట్టదు. చప్పుడు లేకుండా మీదకొచ్చేసే కార్లంటే నాకు మరీ భయం వేసింది. మెట్రోలో ఆడవాళ్ళ పెట్టెలో కూడా ఊపిరాడలేదు. ఎన్ని దేశాల వాళ్ళో, ఎన్ని భాషలో, అందరూ నా బ్యాగు వైపే చూస్తున్నట్టుంది.

"ఇలా ఇయ్యక్కా, నేను పట్టుకుంటాను," అంది చెల్లి.

"నా చేతులు పడిపోలేదులే," అన్నాను.

సముద్రపు పాయ మీద చెక్క పడవలో దాటించింది. గోదావరి మీద పంటులో ఎన్నిసార్లు దాటలేదు, ఇదొక లెక్కా అనుకుంటూ ఎక్కాను. తీరా చూస్తే పడవకి అంచున కమ్మీ లేదు, కాళ్ళకింద జానెడు దూరంలో నీళ్ళు. పక్క పడవ తాకి ఒక్క కుదుపు కుదపగానే బ్యాగు ఒళ్ళోంచి జారింది. నేను పెట్టిన కేకకి పడవలో ఉన్న వాళ్ళంతా నా వైపు తిరిగారు.

"బంగారం గానీ పెట్టేవేంటక్కా అందులో?" అని చెల్లి పకపకా నవ్వింది. నేనూ నవ్వి, బ్యాగుని మళ్ళీ ఒళ్ళోకి లాక్కున్నాను. చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. పెద్దదాన్ని, అబద్ధం ఆడానని ఎలా ఒప్పుకోను? మింగేశాను.

మూడో రోజు ప్రపంచంలోకెల్లా ఎత్తైన మేడ ఎక్కిద్దామని తీసుకెళ్ళింది. దాని కోసం నెల ముందే టిక్కెట్లు తీసి పెట్టిందట. లైను తాళ్ళ మధ్య మెలికలు మెలికలుగా సాగుతోంది. ముందు జనం, వెనక జనం. కాలక్షేపానికి చెల్లి ఏవో కబుర్లు చెబుతోంది.

"మా పక్క గదిలో ఒకావిడుండేదక్కా, మన వైపు మనిషే. ఆవిణ్ణి పోలీసులు పట్టుకుపోయేరు."

"అయ్యో, ఏం చేసిందే?"

"ఏం చెయ్యలేదు. ఊరినించి వస్తా కూరలోకని పిడికెడు గసగసాలు తెచ్చుకుంది."

"గసగసాలకి పోలీసులేంటే?"

"ఇక్కడ అవి మత్తుమందు కింద లెక్కక్కా. తెలీదండీ బాబూ అన్నా వినరు. కేసు తేలేదాకా లోపలే. అందుకే కదా నీకు అన్నిసార్లు చెప్పేను."

కూరలోకి మసాలా సరుకు అన్నారు వదినగారు. మా వైపు గసగసాలు వెయ్యకుండా కోడికూర వండే ఇల్లు ఒక్కటి చూపించండి! అప్పుడు తల ఎత్తి చూశాను. లైను చివర ఎయిర్‌పోర్టులో ఉండేలాంటి యంత్రం. అందరి బ్యాగులూ అందులోంచి పోతున్నాయి. మా ముందు పదిమంది కూడా లేరు.

"నాకు మోకాళ్ళ నొప్పులే. నువ్వు ఎక్కిరా, నేను కిందే కూర్చుంటాను," అన్నాను.

"ఎక్కేది లిఫ్టు కదక్కా. నడు."

"పైనించి చూస్తే నాకు కళ్ళు తిరుగుతాయే!"

"నేను పట్టుకుంటాను. నడు."

ప్రభువా, ప్రభువా అనుకుంటూ ఇంకో నాలుగడుగులు వేశాను. ఇంక ఆగలేక దాని చెవిలో చెప్పేశాను. పక్కింటి వాళ్ళ పార్సిలు బ్యాగులో ఉందనీ, కుట్టు విప్పలేదనీ, లోపల మసాలా ఉందనీ.

చెల్లి మొహంలో నెత్తురు చుక్క లేదు. వెంటనే పక్కనున్న తాడు పైకెత్తి నన్ను బయటికి లాగబోయింది. ఈలోగా యూనిఫాంలో ఉన్న ఒకమ్మాయి పరుగున వచ్చి, దారి తప్పామనుకుందో ఏమో, నవ్వుతూ మమ్మల్ని మళ్ళీ లైనులోకే నడిపించింది. ఇంకొకతను నా భుజం మీద బ్యాగు ఎంతో మర్యాదగా అందుకుని ట్రేలో పెట్టేశాడు. అది లోపలికి పోయింది.

యంత్రం ఆగింది.

తెర ముందు కూర్చున్నాయన ముందుకి వంగి చూశాడు. పక్కనున్నాయన్ని పిలిచాడు. ఇద్దరూ చూశారు. తర్వాత బ్యాగు బయటికి తీసి, ఇదెవరిదని ఇంగ్లీషులో అడిగాడు.

"నాది," అంది చెల్లి.

నేను నోరు తెరిచాను. దాని గోళ్ళు నా మణికట్టులో దిగాయి. అతను బైబిలు తీసి పక్కన పెట్టాడు, తువ్వాలు తీశాడు. పార్సిలు తీసి కుట్టు మీద వేలు పెట్టి తడిమి, ఏంటిది అన్నాడు. ఫుడ్డు సార్, అంది చెల్లి. అతను దాన్ని అటూ ఇటూ తిప్పి పక్కన పెట్టి, బ్యాగు అడుగున చెయ్యి పెట్టి చాకు తీశాడు. దారిలో పళ్ళు కోసుకు తిందామని పొద్దున నేనే చెల్లి వంటింట్లోంచి తీసి బ్యాగులో పడేసుకున్న చాకు. వేలు ఊపి, చాకు తన దగ్గరుంచుకుని, టోకెన్ ఇచ్చి, మిగతావన్నీ మళ్ళీ బ్యాగులో సర్ది చేతికిచ్చాడు.

లిఫ్టులో చెవులు దిబ్బెళ్ళు పడ్డాయి. పైకి వెళ్ళగానే చెల్లి నన్ను లాక్కుని బాత్‌రూంలోకి దూరి గడియ పెట్టింది. కుట్టు పళ్ళతో తెంపింది. మామిడి తాండ్ర, ఎండు రొయ్యలు, ధనియాలు, చెక్కా లవంగాలు, వాటి మధ్య చిన్న ప్లాస్టిక్ పొట్లంలో గసగసాలు. పిడికెడు కూడా ఉండవు. అవి కమోడ్‌లో పోసి రెండుసార్లు నీళ్ళు వదిలింది, పొట్లం కడిగింది, తన చేతులు కడుక్కుంది, నా చేతులు కూడా తనే కడిగింది. చిన్నప్పుడు బురదలో ఆడి వస్తే దాని చేతులు నేను అలాగే కడిగేదాన్ని.

బయటికొచ్చి అద్దాల గోడ దగ్గర నిలబడ్డాం. కింద ఊరంతా ఎండలో తెల్లగా పరుచుకుని ఉంది. నాకేమీ కనిపించలేదు, కళ్ళనిండా నీళ్ళే.

"నాదని ఎందుకన్నావే పిచ్చిదానా? పట్టుకుంటే ఏమయ్యేది?"

"నువ్వు ఒక్క రోజు కూడా ఉండలేవక్కా లోపల. నేనైతే ఉన్నదాన్నే కదా."

"నువ్వెక్కడున్నావే?"

అద్దం మీంచి చూపు తిప్పకుండానే చెప్పింది. "మొదట చేసిన ఇంట్లో. బయటినించి తాళం వేసేవోరు. రెండేళ్ళు."

"ఫోన్ చేసినప్పుడల్లా బాగానే ఉన్నాననేదానివి కదే!"

"పక్కనే మేడమ్ నిలబడేదక్కా. ఆవిడకి తెలుగు రాదనుకో. ఏడిస్తే మాత్రం తెలిసిపోద్ది కదా."

ఆ రెండేళ్ళూ ఫోన్‌లో నేనేం మాట్లాడానో గుర్తొచ్చింది. దుబాయ్ వెళ్ళాక మేము కానివాళ్ళమైపోయామా, మాటలు ముక్తసరిగా అయిపోయాయే అని దెప్పిపొడిచాను. ఒకసారి కోపం పట్టలేక నేనే ఫోన్ పెట్టేశాను. సిగ్గుతో చచ్చిపోయాను. దాని చెయ్యి పట్టుకుందామనుకుని, పట్టుకోవడానికి కూడా మొహం చెల్లక ఊరుకున్నాను.

అది మాత్రం నుదురు అద్దానికి ఆనించి, కిందకి చూస్తూనే ఉంది.

"ఏం వెతుకుతున్నావే?"

"ఆ ఇల్లు కనపడుద్దేమోనని. ఇక్కణ్ణించి అన్నీ ఒక్కలాగే ఉన్నాయక్కా."

కళ్ళు తుడుచుకుని, కళ్ళజోడు పెట్టుకుని, నేనూ దాని పక్కనే అద్దానికి మొహం ఆనించాను.

"గేటు ఏ రంగే?"

"తెలీదక్కా. వెళ్ళింది రాత్రి పూట. వచ్చేసేటప్పుడు వెనక్కి తిరిగి చూళ్ళేదు."