రూతు పాట కోసం ఝరాసంగం దాకా

డెబ్బైల చివరి రోజులు. ఉదయం ఆరున్నరకు హైదరాబాదులో జహీరాబాదు బస్సెక్కాను. బైబిల్లోని రూతు కథను మాటల్లేకుండా మొత్తం పాటలతోనే సినిమా తీస్తానని, పల్లె పాటలకు స్వరాలు రాసిపెట్టమని ఒక నిర్మాత పిలిచాడు. బడిలో సంగీతం చెప్పుకునే నన్నెందుకు పిలిచాడో అర్థం కాలేదు. పక్క సీట్లోని అల్లం వ్యాపారికి చెబితే, "పాటల కోసం పట్నమోళ్లు గింత దూరం వస్తున్నరా? ఏదో మతలబున్నది సారూ," అన్నాడు.

పదింటికి దిగి, బస్టాండు హోటల్లో ఉప్మా తిని, నిర్మాత జీపులో ఝరాసంగం దగ్గరి పల్లెకు చేరాను. ఆ ఊళ్లో కూలి పనికి పోయే మరియమ్మ ఏటా చర్చిలో కోతపండుగకు రూతు కథ పాడుతుంది. అత్తగా, కోడలిగా తనే పాడుతుంది. వాళ్లమ్మ కట్టిన పాటలవి. కోడలు రూతు అత్తను విడిచిపోనని మొండికేసే చోట ఆమె గొంతు విని నా కలం ఆగిపోయింది.

పాట ముగియగానే నిర్మాత ఇంగ్లీషు కాగితమొకటి తీసి వేలిముద్ర అడిగాడు. మరియమ్మ దాన్ని నాకిచ్చింది. "జర చదువు సారూ."

"మామూలు కాగితమే మేష్టారూ," అన్నాడు నిర్మాత, నా కళ్లలోకి చూస్తూ. ముందు ముందు ఇంకా సినిమాలున్నాయని పొద్దున్నే జీపులో ఆశపెట్టాడు. అయినా అంతా తెలుగులో చదివాను. దాని ప్రకారం ఆ పాటలిక సినిమా కంపెనీవి. ఆమె ఎక్కడా పాడకూడదు.

"చర్చిల గూడనా?"

"అక్కడ కూడా."

ఆమె కాగితం మడిచి నిర్మాత చేతిలో పెట్టింది. "మా అమ్మ పాట నేనియ్య."

తిరుగు ప్రయాణానికి జీపు రాలేదు. చెరకు లారీ ఎక్కాను. మరియమ్మా ఎక్కింది. బజారు పనేమో అనుకున్నాను. బస్టాండులో నా సంచి వైపు చూపించింది.

"రాసుకున్నది ఇచ్చిపో సారూ."

"నన్ను కూడా అనుమానిస్తావా అమ్మా?"

"నువ్వు మంచోనివే. గని ఆ సినిమావోళ్లు గూడ పొద్దుగాల మంచిగనే మాట్లాడిన్రు."

స్వరాలు రాసుకున్న నాలుగు కాగితాలూ నోటుబుక్కులోంచి చింపి ఇచ్చాను. కొంగున ముడేసుకుని, నాలుగింటి బస్సు కదిలేదాకా అక్కడే నిలబడింది.

సంగారెడ్డి దాటేసరికి ఆ పల్లవి నా నాలుక మీద ఆడుతోంది. ఆమె నన్ను నమ్మకపోవడమే మంచిదనిపించింది. అటు వెళ్లేవారు కోతపండుగకు వెళ్లి, ఆమె నోటనే వినండి. నేనింతవరకూ ఆ పాటను హార్మోనియం మీద వాయించలేదు.