ఆరువందల కిలోమీటర్ల ట్యాంకు

మీటరన్న అనే పేరు అతనికి ఎగతాళిగా వచ్చింది. అద్దెకార్ల షెడ్డులో అతను నడిపే తెల్లకారులో పెట్రోలు ముల్లు నాలుగేళ్లుగా సగం దగ్గర ఇరుక్కుపోయి ఉంది. బాగు చేయించమని మూడుసార్లు రాతపూర్వకంగా అడిగాడు. మూడు కాగితాలూ ఫైలులో క్షేమంగా ఉన్నాయి. ఇక ఆ ముల్లు పని అతనే చేయవలసి వచ్చింది. ట్యాంకు మెడదాకా నింపించి, దూరం చూపే మీటరును సున్నాకు తెచ్చి, ఎంతమంది ఎక్కారో, ఏసీ ఎంతసేపు నడిచిందో, బండి కదలకుండా ఇంజను ఎంతసేపు తిరిగిందో మనసులోనే తీసివేసుకుంటూ పోయేవాడు. కుడికాలి చెప్పు విప్పి సీటు కింద పెట్టి నడిపేవాడు. పాదం ఎంత దిగితే ఎన్ని చుక్కలు ఖర్చవుతాయో చర్మానికి తెలియాలనేవాడు. పంతొమ్మిదేళ్లలో ఒక్కసారి కూడా దారిలో పెట్రోలు అయిపోయి ఆగలేదు.

కొత్త మేనేజరు వచ్చిన వారానికి గోడమీద ఒక కాగితం వెలిసింది: ఫుల్ ట్యాంకుకు ఆరువందల కిలోమీటర్లు తప్పనిసరి. ఆ అంకె కారుతోపాటు వచ్చిన రంగుల పుస్తకంలోది. ఆ పుస్తకం అచ్చువేసినవాళ్లు మేనేజరు భార్య కోసం బట్టల దుకాణం ముందు గంటన్నరసేపు ఏసీ వేసుకుని ఎదురుచూడలేదు. రిజిస్టరులో దూరానికి గడి ఉంది, నిరీక్షణకు లేదు. మిగతా డ్రైవర్లు ఆగి ఉన్న గంటలను తిరిగిన కిలోమీటర్లుగా మార్చి, ఆరువందలకు అటూఇటూగా ఒక అంకె వేసి బతికిపోతున్నారు. వాళ్ల బండ్ల మీటర్లను ఎవరూ తొంగిచూడలేదు. మీటరన్న మాత్రం మీటరులో ఉన్నదే రాసేవాడు.

రిజిస్టరు చూసే గుమాస్తా అతని సొంత బావమరిది.

"బావా, ఇంకో నూట ఇరవై కలిపెయ్. అరిగేది పెన్నేగా?"

"తిరగని దూరం ఎలా రాస్తానురా?"

"ఓహో, అందరూ తిరిగే రాస్తున్నారా? అక్క మొహం చూసైనా రాయి."

"మీ అక్క మొహం చూస్తూనే కదరా పద్దెనిమిదేళ్లుగా నిజం చెబుతున్నాను. అబద్ధమాడితే ఇట్టే పట్టేస్తుంది."

నెల తిరిగేసరికి అతని చేతికి నోటీసు వచ్చింది. పెట్రోలు దొంగతనం. ఆ ముద్ర పడితే ఊళ్లో ఏ షెడ్డువాడూ స్టీరింగు ముట్టుకోనివ్వడు. ఇంట్లో నలుగురి తిండి ఆ స్టీరింగు మీదే ఉంది.

"పరీక్ష పెట్టండి సార్," అన్నాడు మీటరన్న. "మూత మీద సీలు వేయండి, మీరే పక్కన కూర్చోండి. ఏసీతో పెద్దరోడ్డు మీద నాలుగువందల ఎనభై వస్తుంది. అంతకు పైన ఒక్క కిలోమీటరు రాదు."

"అబ్బో, జాతకం చెబుతున్నాడయ్యా!" అని మేనేజరు నవ్వాడు. "సరే, ఆగిపోయేదాకా పోదాం."

ఉదయం ఆరింటికి ట్యాంకు నింపారు. మూత మీద సంతకం చేసిన కాగితం అంటించారు. మేనేజరు ముందు సీట్లో, బావమరిది రిజిస్టరుతో వెనక సీట్లో కూర్చున్నారు. మధ్యాహ్నం మేనేజరు భోజనానికి దిగుతూ, "ఇంజను ఆపకు. వచ్చేసరికి లోపల చల్లగా ఉండాలి," అన్నాడు. ముప్పావుగంట గడిచింది.

"పన్నెండు తీసేయాలి సార్," అన్నాడు మీటరన్న, అతను ఎక్కగానే. "ఇప్పుడు నాలుగువందల అరవై ఎనిమిది."

"రాసుకోవయ్యా, పంతులుగారు అంకె మార్చారు."

సాయంత్రం నాలుగున్నరకు, వంతెన దాటాక, బండి రెండుసార్లు దగ్గి నిలిచిపోయింది. మీటరు నాలుగువందల అరవై తొమ్మిది చూపించింది. వెనక సీట్లో బావమరిది నోరు తెరిచి, మేనేజరు మొహం చూసి మళ్లీ మూసేశాడు. మీటరన్నకు మాత్రం కళ్లు చెమర్చాయి. గెలిచాననుకున్నాడు, పాపం.

"క్యాను తీసుకుని నడువు," అన్నాడు మేనేజరు.

బంకు మూడు కిలోమీటర్ల దూరంలో ఉంది. తిరిగివచ్చి, సీలు తీయమంటారా అని అడిగాడు. "పీకి పొయ్యవయ్యా, ముహూర్తం పెట్టాలా?" అన్నాడు మేనేజరు. చినిగిన సీలు వేలాడుతుండగా, ట్యాంకు నోట్లో గొట్టం పెట్టి, క్యాను చంకలో ఇరికించుకుని వంగి ఉన్న సమయంలో మేనేజరు ఫోనుతో ఒక ఫొటో తీశాడు.

విచారణ మర్నాడే జరిగింది. ఆరోపించినవాడే విచారించాడు, సాక్షీ అతనే, తీర్పరీ అతనే. వాంగ్మూలం రాసే గుమాస్తాకు ముద్దాయి బావ అవుతాడన్న సంగతి ఎవరికీ అభ్యంతరంగా తోచలేదు.

"ఈ ఫొటోలో ఉన్నది నువ్వేనా?"

"నేనేనండి. కానీ అది..."

"ఒప్పుకున్నాడు. రాయి."

బావమరిది రాశాడు.

తీర్పు ఒక పేజీకి మించలేదు. ఆరువందలు రావలసిన బండి అధికారుల సమక్షంలోనే నూట ముప్పై ఒక్క కిలోమీటర్లు తక్కువ వచ్చినందున లోటు రుజువైంది. ముల్లు పనిచేయని ట్యాంకులో ఎంత ఉందో కిలోమీటరు తేడాతో చెప్పగలగడం, అందులోంచి తరచూ తీసే అలవాటు ఉన్నవాడికి తప్ప మరొకరికి సాధ్యం కాదు. సీలు వేసిన ట్యాంకులోంచి, ఇద్దరు చూస్తుండగా, నడుస్తున్న బండిలో ఆ పెట్రోలు ఎవరు తీశారన్న ప్రశ్న ఆ పేజీలో ఎక్కడా లేదు. ఆ పేజీ నకలు మిగతా షెడ్లన్నిటికీ పంపారు, ఫొటోతో సహా.

ఆ సాయంత్రం భార్య తమ్ముడిని గుమ్మంలోనే ఆపింది.

"నువ్వు బండిలోనే ఉన్నావు కదరా? అంతా చూశావు కదా?"

"చూశానక్కా."

"మరి చెప్పలేదేంరా?"

"నన్నెవరూ అడగలేదక్కా. రాయమన్నారు, రాశాను."

ఆమె తలుపు వేసింది. లోపల మీటరన్న గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఆ తలుపు చప్పుడుకు కూడా తల ఎత్తలేదు.

ఏడు షెడ్లు కాదన్నాయి. ఎనిమిదో షెడ్డు ఊరి చివర, లారీల మధ్య ఉంది. ముసలి యజమాని నకలు చదివి, ఫొటో చూసి, కళ్లజోడు పైకెత్తి అతన్ని ఎగాదిగా చూశాడు. అక్కడున్న పాత నీలంకారు బానెట్టు మీద అరచేత్తో కొట్టాడు.

"నువ్వేనా ఆ లెక్కల మొనగాడివి? చెప్పు చూద్దాం. ఇది నింపితే ఎంతదూరం పోతుంది?"

మీటరన్న బండి చుట్టూ చూశాడు. టైర్లలో గాలి తక్కువ. సైలెన్సరు అంచున నల్లటి మసి. నాలుగువందల పది. ఏసీ వేస్తే మూడువందల అరవై. అంకె నాలుక చివరిదాకా వచ్చింది.

"నాకు తెలియదండి," అన్నాడు. "మీరు ఎంత రాయమంటే అంత రాస్తాను."

యజమాని ఫక్కున నవ్వి తాళంచెవి విసిరాడు. అది నేలమీద పడింది. మీటరన్న వంగి తీసుకున్నాడు.