చావింట్లో మోటారు చప్పుడు

"శవం లేవకుండానే నీళ్ళు సూసుకుంటంది ఈ గుంట."

నిన్న మా పెద్దమ్మ నా గురించి అన్న మాట. అంది వంటింట్లోనే. వాకిట్లో ఉన్నవాళ్ళందరికీ వినపడేలా.

మావయ్య పోయాడని ఆమదాలవలస స్టేషన్‌లో ఉండగా తెలిసింది. బావ ఫోన్ చేసి "నాన్న పోయాడే" అని పెట్టేశాడు.

ముందురోజు సాయంత్రమే "వచ్చేటప్పుడు యాసిడ్ పట్రా" అని చెప్పిన మనిషి.

ట్రైన్ వచ్చింది. ఎక్కాలని తోచలేదు. తర్వాతి దానికి వెళ్ళాను.

మావయ్య ఇల్లు, ఆయన నడిపే స్విమ్మింగ్ పూల్ ఒకే ఆవరణ. గజపతినగరం రోడ్డు పక్కన. గేటు దగ్గరే తేడా తెలిసింది.

పూల్ మోటారు చప్పుడు లేదు.

బాబాయి ఆపేశాడట. "సావింట్లో మోటారు సప్పుడేటి, మరేద నేదా?"

మర్యాదట.

మాది ఉప్పునీళ్ళ పూల్. క్లోరిన్ కొని పోయం. నీళ్ళలో కలిపిన ఉప్పు నుంచే మెషీన్ క్లోరిన్ తయారు చేస్తుంది. అదీ మోటారు తిరిగి, నీళ్ళు మెషీన్‌లోంచి పారినంతసేపే. క్లోరిన్ టాబ్లెట్లు వాడే పూల్ అయితే, తేలే డబ్బాలో అవి కరుగుతూ కొంతకాలం కాపాడతాయి. మాకు ఆ దిక్కు లేదు. మోటారు ఆపితే ఈ ఎండకి నీళ్ళు పచ్చబడతాయి.

అందుకే మావయ్య కాళ్ళకి దణ్ణం పెట్టి, తిన్నగా మోటారు రూమ్‌కి వెళ్ళి స్విచ్ వేసి, మళ్ళీ ఎవరూ ఆపకుండా రూమ్‌కి తాళం పెట్టాను.

నా నేరం అదీ.

ఇదివరకు బ్లీచింగ్ పౌడరే వేసేవాళ్ళం. బకెట్లో కలిపి పోయడం. ఒకరోజు ఎక్కువ, ఒకరోజు తక్కువ. అడుగున తెల్లటి మడ్డి, పిల్లలకి ఎర్ర కళ్ళు. "వాసనొత్తేనే మందు పన్జేత్తన్నట్టు" అనేది మా చుట్టాల సైన్స్. ఆ ఘాటు శుభ్రమైన నీళ్ళది కాదు. క్లోరిన్ చెమటతోనూ మూత్రంతోనూ కలిస్తే వచ్చేది. అంటే మీ పిల్లల పుణ్యమే.

మెషీన్ పెట్టిన రోజు బాబాయి వచ్చి, "ఉప్పు కొనడమెందుకు బావా, ట్యాంకర్‌తో సముద్రం నీళ్ళు తెచ్చి పోసేత్తే పోద్ది కదా" అన్నాడు. సీరియస్‌గానే.

మావయ్య దోసిలితో పూల్ నీళ్ళు తీసి ఆయన నోటి దగ్గర పెట్టాడు. "నాలికెట్టి సూడు. కన్నీళ్ళల్లో ఉన్నంత ఉప్పు కూడా నేదు. సముద్రం పోత్తే మెషీనూ పోద్ది, నాను నీ పీకా నొక్కేత్తాను."

ఉప్పు పూల్ అంటే పనే ఉండదనుకుంటారు. ఉంటుంది. పీహెచ్ పెరుగుతూనే ఉంటుంది, యాసిడ్ పోసి దించాలి. మెషీన్‌లోని రేకుల మీద సున్నం కడుతుంది, పల్చటి యాసిడ్‌తో కడగాలి. "రేకులు నువ్వే కడుగు. మిగతావోళ్ళు గోకి సంపేత్తారు" అన్నాడు మావయ్య. నా కెమిస్ట్రీ డిగ్రీకి ఈ వంశంలో దొరికిన ఒకే ఒక్క గౌరవం.

చుట్టాల లెక్క వేరు. నేను రోజూ వెళ్ళేది బావ కోసమట. మేనరికం ప్లానట.

ఆ బావ చాలాకాలం ఆ మెషీన్‌ని ఇన్వర్టర్ అనుకున్నాడు.

ఈరోజు పొద్దున్న అందరి ముందూ తేల్చేశాడు. "పెద్దకర్మ అయిపోనాక ఈ ఉప్పు గోల తీసేద్దాం. బ్లీచింగే సుఖం. ఆ మోటారు రూమ్ తాళం ఇలా ఇయ్యి."

పెద్దమ్మ తలూపింది. బాబాయి ఇంకా గట్టిగా ఊపాడు.

గోడకి ఆనుకుని కూర్చున్న అత్తయ్య తలెత్తలేదు. "తాళం దాని దగ్గరే ఉండనీరా" అంది.

నిన్నటి నుంచి ఆ ఇంట్లో నేను విన్న తెలివైన మాట అదొక్కటే.

మావయ్యా, నీళ్ళు తేటగా ఉన్నాయి. అడుగున టైల్స్ కనిపిస్తున్నాయి.

ఇక నువ్వు లేచి చూసుకోనక్కర్లేదు. నిమ్మళంగా పడుకో.

తాళం ఇవ్వను. పూల్ నేను నడుపుతాను.